పెద్దమ్మ కట్టుడు పళ్ళు

మొన్న నా పై దవడ ఎముకలో చిన్న మర బిగించి, దాని మీద పన్ను నిలబెట్టే ఆపరేషన్ చేశారు. ఇంప్లాంట్ అంటున్నారు. భయపడినంత లేదు. ఇంటికి పంపేముందు నర్సమ్మాయి పక్కన కూర్చుని జాగ్రత్తలు చెప్పింది. తల కింద దిండు ఎత్తుగా పెట్టుకోమంది. ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి చెంపకి ఆనించుకోమంది. వేడివేడివి తాగొద్దంది, గట్టిగా పుక్కిలించొద్దంది. అన్నిటికీ తల ఊపాను. చివర్లో ఆ పిల్ల మామూలుగా ఇంకొక మాట అంది.

"ముందరి పన్ను కదండీ, పెట్టాక మాట కొంచెం వేరేగా వినిపిస్తుంది. మీ గొంతు మీకే కొత్తగా ఉంటుంది. కంగారు పడకండి."

నోట్లో దూది ఉంది కాబట్టి ఊరుకున్నాను. లేకపోతే ఆ పిల్ల చెయ్యి పట్టుకుని మా పెద్దమ్మ సంగతంతా అక్కడే చెప్పేసేదాన్ని. ఇంటికొచ్చి, మెత్తగా పిసికిన మజ్జిగన్నం తిని, ఎత్తు దిండు మీద వాలి, మాట్లాడే పని లేకుండా హాయిగా పడుకున్న ఈ రోజులన్నీ ఆమె గురించే ఆలోచిస్తున్నాను.

పెద్దమ్మ అంటే మా అమ్మకి అక్క. నాకు ఊహ తెలిసేసరికే అమ్మ లేదు. విషజ్వరంతో పోయింది. అప్పటికి నేనింకా పాకుతున్నానట. నాన్న రాయగడలో పని దొరికి వెళ్ళి, అక్కడే మళ్ళీ పెళ్ళి చేసుకుని, ఏడాదికోసారి వచ్చి నన్ను చూసి పోయేవాడు. నన్ను పెంచింది పెద్దమ్మ. గజపతినగరం నుంచి కాస్త లోపలికి వెళితే మా ఊరు. కొంత వరి, కొంత చోళ్ళు, అంటే రాగులు, కొంత నువ్వులు పండే భూమి, ఒక పెంకుటిల్లు, కాడి ఎడ్లు. ఇంట్లో పెద్దమ్మ, నేను, చూపు పోయిన అమ్మమ్మ. పెద్దమ్మ భర్త నేను పుట్టకముందే పోయాడు. పిల్లలు లేరు. వ్యవసాయమంతా ఆమే చూసుకునేది.

ఆమె గొంతు మగవాళ్ళ గొంతులా గరగరలాడేది. గట్టు మీద నిలబడి "ఒరే" అంటే రోడ్డు మీద బస్సెక్కబోతున్నవాడు కూడా ఆగి వెనక్కి చూసేవాడు. దానికి కారణం చుట్ట. మా వైపు ఆడవాళ్ళు చుట్టని నిప్పున్న కొస నోట్లోకి పెట్టుకుని, పెదాలు మూసి పీలుస్తారు. అడ్డపొగ అంటారు దాన్ని. పెద్దమ్మ నాటు వేసినా, కలుపు తీసినా, ఎడ్లకి కుడితి పెట్టినా నోట్లో నిప్పు ఉండాల్సిందే. చుట్టని నాలుకతో ఒక దవడకి నెట్టి, రెండో వైపు నుంచి మాట్లాడేది. ఏ కష్టం చెప్పుకున్నా, "ఏటవుతాది? ఏటీ అవదు" అనేది. కోపమొస్తే తిట్టేది కాదు. నోట్లో చుట్ట తీసి, నేల మీద రుద్ది ఆర్పి, మన వైపు చూసేది. అంతకంటే తిట్టడమే నయమనిపించేది.

చిన్నప్పుడు నేను ఏడిస్తే ఎత్తుకోవడం, ఊరుకోబెట్టడం ఉండేవి కావు. చేతికి ఏదో ఒకటి ఇచ్చేది. ఎడ్ల పలుపో, చేటో, ఒక్కోసారి కోడిపిల్లో. "పట్టుకో" అనేది. అది పారిపోకుండా చూసుకునే హడావుడిలో ఏడుపు మరిచిపోయేదాన్ని.

ఇంకో అలవాటు ఉండేది. మా గడప తొక్కిన వాళ్ళెవరైనా సరే, కూర్చోకముందే చేతికి నీళ్ళ ముంత ఇచ్చేది. అడిగేదాకా ఆగేది కాదు. వద్దన్నా ఊరుకునేది కాదు, తాగేదాకా ఎదురుగా నిలబడేది. గాజుల మలారం వాడొచ్చినా, సంతకి పోతూ దారి అడిగినవాడొచ్చినా అంతే. ఊళ్ళో వాళ్ళు దాన్ని మర్యాద అనుకునేవారు. ఆమె నిలబడే తీరులో మర్యాద కంటే భయం ఎక్కువ కనిపించేది నాకు.

అమ్మ గురించి మాత్రం నోరు విప్పేది కాదు. ఇంట్లో అమ్మ ఫొటో ఒక్కటి లేదు. "అమ్మ ఎలా ఉండేది పెద్దమ్మా?" అని ఎన్నిసార్లడిగినా, "మనిసిలా ఉండీది" అని చుట్టని రెండో దవడకి మార్చుకునేది. అమ్మమ్మని అడగనిచ్చేది కాదు. "ముసిల్దాన్ని కెలక్కు" అనేది. అమ్మ పేరు పలకని ఇంట్లోనే పెద్దదాన్నయ్యాను.

అరవైల చివర, నేను బడి చదువు ముగించి టీచరు ట్రైనింగుకి పిలుపు కోసం ఎదురుచూస్తున్న వానాకాలంలో పెద్దమ్మ దవడ వాచింది. లవంగం పెట్టింది, పొగాకు కాడ పెట్టింది, ఉప్పు మూట కాచింది. చివరికి జ్వరమొచ్చి, నోరు వేలెడు కూడా తెరుచుకోని స్థితిలో, నేనే బలవంతాన బస్సెక్కించి విజయనగరం తీసుకెళ్ళాను.

అక్కడి పళ్ళ డాక్టరు కుర్రవాడే గాని నెమ్మదైన మనిషి. టార్చి వేసి చూసి పెదవి విరిచాడు. "ఒక్కటీ నిలబడేలా లేదమ్మా. అన్నీ తీసేసి కట్టుడు పళ్ళు పెట్టాలి. చుట్ట ఇంక ముట్టకూడదు. ముట్టారా, పళ్ళు కాదు, నోరే పోతుంది" అన్నాడు.

కొన్ని వారాల పాటు దఫదఫాలుగా తీశాడు. ఆఖరిసారి మాత్రం చిగురు కోసి, ఎముక కొంత గీకి, కుట్లు వేయాల్సి వచ్చింది. నొప్పి తెలిస్తే చెయ్యి ఎత్తమన్నాడు. ఆమె చెయ్యి ఎత్తలేదు. కుర్చీ దిగాక, దూది కరుచుకున్న నోటితోనే గిన్నెలో ఉన్న పళ్ళకేసి చూపించి, అవి ఇమ్మని సైగ చేసింది. డాక్టరు నవ్వి కాగితంలో చుట్టి ఇచ్చాడు. కొంగున కట్టుకుంది. ఒంటితో పాటు పోవాల్సినవి ఎక్కడ పడితే అక్కడ పారెయ్యకూడదని ఆమె లెక్క.

ఆ తరవాత రోజులు మా ఇంట్లో ఎన్నడూ లేని రోజులు. పెద్దమ్మ పగటిపూట మంచం మీద పడుకుంది. రెండు దిండ్లు వేసి తల ఎత్తు చేశాను. ఐసు మా ఊళ్ళో ఎక్కడిది? కొత్త కుండలో నీళ్ళు పోసి, అందులో గుడ్డ తడిపి, పిండి, చెంపకి వేసేదాన్ని. వెచ్చబడితే మళ్ళీ తడిపేదాన్ని. మొదటి రోజు పుక్కిలించొద్దన్నాడు, మర్నాటి నుంచి గోరువెచ్చని ఉప్పునీళ్ళు మెల్లగా నోట్లో తిప్పి వదిలెయ్యమన్నాడు. చోడి అంబలి చల్లార్చి, పలచన చేసి, గరిటెతో పట్టించేదాన్ని. మాట్లాడకూడదు కాబట్టి కంచం మీద చెంచాతో కొట్టి పిలిచేది. ఒకసారి కొడితే నీళ్ళు, రెండుసార్లు కొడితే ఎడ్లని చూడమని.

చుట్ట కోసం మాత్రం తపించిపోయింది. చేతివేళ్ళు దుప్పటి అంచుని చుట్టలా చుడుతుండేవి. కానీ ముట్టలేదు. వాపు తగ్గాక, చిగుళ్ళు మానుతున్న రోజుల్లో, బోసినోటితో ఒకనాడు అంది: "పురిటాల్ని సాకినట్టు సాకతన్నావే గుంటా. ఇంత సుకం నానెప్పుడూ ఎరగను." ఆ ముఖంలో ముడతలు సడలి, నిజంగానే ఎప్పుడూ లేని సుఖం కనిపించింది. అమ్మమ్మ అరుగు మీద వత్తులు చేసుకుంటూ, "పెద్దదాని గొంతు ఇనబడదేటే? ఊరెల్లిందా?" అని రోజూ అడిగేది. చెబితే "ఓహో" అని, మళ్ళీ మర్నాడు అడిగేది.

చిగుళ్ళు గట్టిపడేదాకా ఆగి, చలికాలంలో డాక్టరు కొత్త పళ్ళు పెట్టాడు. గులాబీరంగు చిగురు మీద తెల్లటి వరస. అద్దం చూపిస్తే పెద్దమ్మ చూసుకోలేదు. బస్సులో దారి పొడుగునా పెదాలు బిగించుకుని కూర్చుంది. అరగంటకొకసారి నేను "నొప్పిగా ఉందా?" అంటే తల అడ్డంగా తిప్పింది, అంతే.

ఇల్లు చేరేసరికి మిట్టమధ్యాహ్నం. ఆమె లోపలికి వెళ్ళింది. నేను వాకిట్లో ఎండబోసిన చోళ్ళని కాళ్ళతో తిరగేస్తున్నాను. అమ్మమ్మ అరుగు మీద ఉంది. మా కంబారి, అంటే ఏడాది జీతానికి మా దగ్గరుండే పనివాడు, గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని అప్పుడే పొలం నుంచి వచ్చాడు. పెద్దమ్మ కంటే వయసులో పెద్ద.

లోపల్నుంచి ఎవరో పిలిచారు.

"ఒలే, నీళ్ళ ముంతేదే?"

సన్నటి గొంతు. మాట చివర కొంచెం పైకి లేచి, అక్కడ ఆగి, వంగే గొంతు. ఎవరో చుట్టాలొచ్చారనుకుని వీధి వైపు చూశాను. ఎవరూ లేరు. తిరిగి చూసేసరికి కంబారి మోపు దించకుండా అలాగే నిలబడిపోయి ఉన్నాడు. గడ్డి పరకలు వాడి ముఖం మీద వణుకుతున్నాయి.

అమ్మమ్మ చేతిలో వత్తి ఆగింది. చూపులేని కళ్ళు గుమ్మం వైపు తిప్పింది. ఆమె ముఖంలో ఆశ్చర్యం లేదు. పక్కింటికెళ్ళిన పిల్ల ఆలస్యంగా వచ్చినట్టు, కొంచెం నిష్ఠూరంగా అంది.

"వచ్చినావా సిన్నమ్మీ?"

ఆ పేరు అంతకుముందు నేనెన్నడూ వినలేదు. అయినా ఎవరిదని అడగక్కర్లేకపోయింది.

పెద్దమ్మ గుమ్మంలోకి వచ్చింది. రెండు చేతులతో నోరు మూసుకుని ఉంది. ఆమె కళ్ళు చూస్తే ఆ గొంతు ఆమె కూడా విన్నదని, దాన్ని నోట్లోంచి బయటికి రాకుండా ఆపుతోందని తెలిసింది.

కంబారి మోపు అక్కడే పడేసి వెనక్కి నడిచాడు. నేను వెంటబడి పోతే వీధి మొగలో ఆగాడు. "ఆ గొంతు నానెరుగుదునమ్మా. మీయమ్మని మోసిన నలుగురిలో నానొకణ్ణి" అన్నాడు. ఆ తరవాత కూడా మా పని మానలేదు గాని, పెద్దమ్మతో మాట్లాడాల్సి వస్తే ముందుగా "సైగ సెయ్యమ్మా, నోట సెప్పకు" అని బతిమాలేవాడు.

ఆ వారంలోనే ఇద్దరం మళ్ళీ డాక్టరు దగ్గరికెళ్ళాం. పెద్దమ్మ పళ్ళు తీసి బల్ల మీద పెట్టి, బోసినోటితో అడిగింది. "ఇయి ఎవరి పళ్ళు బాబూ?"

డాక్టరు నవ్వలేదు. అచ్చులు తీసిన మైనం, పళ్ళు చేసే పొడి తెచ్చి చూపించాడు. "ఎవరివీ కావమ్మా, మేం చేసినవే. చుట్ట మానేశారు, గరగర తగ్గింది. పన్ను వరస మారితే పలుకు మారుతుంది. ఒక తల్లి పిల్లలకి గొంతులు ఒక్కలాగే ఉంటాయి. ఇన్నాళ్ళూ పొగ కింద ఉన్నది ఇప్పుడు బయటపడింది, అంతే" అన్నాడు.

ఆ మాట నాకు నమ్మకంగా తోచింది. ఇవాళ్టికీ అదే సరైన కారణమనుకుంటాను. కానీ ఆ గొంతుతో ఒకే ఇంట్లో కాపురం చెయ్యడం వేరే సంగతి.

అమ్మమ్మ మారిపోయింది. సరిగ్గా అన్నం తినని మనిషి రెండోసారి అడిగి పెట్టించుకుని తింటోంది. ముఖం మీద వెలుగొచ్చింది. పెద్దమ్మ మాట వినబడితే చాలు, "సిన్నమ్మీ, ఇలా కూకోయే. జొరం తగ్గిందా? ఏదీ, సెయ్యి" అని చెయ్యి తడిమి చూసేది. "సల్లగా ఉన్నావే" అని సంబరపడేది.

"నానమ్మా, పెద్దదాన్ని. సూడు, నా సేతులు సూడు, కాయలు కాసినయి" అనేది పెద్దమ్మ. కానీ ఆ మాట అనేది చిన్నమ్మి గొంతు. అమ్మమ్మ పకపకా నవ్వేది. "అప్పని ఎక్కిరిస్తన్నావేటే? దాని గొంతు నాకు తెల్దా?" అనేది. మా వైపు అక్కని అప్ప అంటారు. కొన్నాళ్ళకి కొత్త ప్రశ్న మొదలుపెట్టింది. "పెద్దది ఏదే? కానరాదేటి? ఇంత కాలం రాకుండా ఎక్కడుండిపోనాది?"

పెద్దమ్మ తల్లి ఎదురుగా కూర్చుని, తను ఎక్కడికి పోయిందో తనే చెప్పాల్సి వచ్చేది. "పొలానికెల్లింది" అనేది నెమ్మదిగా. ఆ పూట ఇంక పళ్ళు పెట్టుకునేది కాదు.

మరి నేనో? నాకు ఆ గొంతు కావాలి. భయపడుతూనే దాని చుట్టూ తిరిగేదాన్ని. పనిలేకపోయినా ఏదో ఒకటి అడిగి మాట్లాడించేదాన్ని. ముఖం తెలియని అమ్మది నాకు దొరికింది ఆ గొంతొక్కటే. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "అమ్మ నన్నేమని పిలిచేదో, అలా ఒక్కసారి పిలువు పెద్దమ్మా."

ఆమె నా ముఖం చాలాసేపు చూసింది. నోట్లోంచి పళ్ళు తీసింది. "నాను మీ అమ్మని కానే" అంది బోసిగా. ఆపైన చేతికి చేట ఇచ్చింది. "పట్టుకో" అంది.

తరవాత ఒక మధ్యాహ్నం, ధాన్యపు గదిలో మాటలు వినబడ్డాయి. తలుపు ఓరగా వేసి ఉంది. ఇద్దరు మాట్లాడుకుంటున్నారు.

"అప్పా. అప్పా, దాగం."

సన్నటి గొంతు. కాస్సేపు ఏమీ లేదు. తరవాత బోసినోటి గొంతు, ముద్దముద్దగా.

"ఇస్తన్నానే. ఇదుగో తెస్తన్నాను."

మళ్ళీ నిశ్శబ్దం. మళ్ళీ సన్నగొంతు, ఇంకొంచెం ఆదుర్దాగా.

"అప్పా, ఒక్క గుక్క."

తలుపు సందులోంచి చూశాను. ధాన్యం బస్తాల మధ్య పెద్దమ్మ ఒక్కతే కూర్చుని ఉంది. పళ్ళు పెట్టుకుని ఒక మాట అంటోంది. తీసేసి చేతిలో పట్టుకుని జవాబు చెబుతోంది. మళ్ళీ పెట్టుకుంటోంది. ఎదుట నిండా నీళ్ళున్న ముంత ఉంది. కళ్ళు ఆ ముంత మీదే ఉన్నాయి.

నేను తలుపు తోసి లోపలికి వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఆమె ఉలిక్కిపడలేదు. చెప్పింది. అమ్మకి జ్వరం తీవ్రమైన రోజుల్లో వైద్యుడు లంఖణం పెట్టించాడు. అన్నం ఇవ్వకూడదు, నీళ్ళు ఇవ్వకూడదు. ఇస్తే సంధి కమ్ముతుందన్నాడు. అందరూ నమ్మారు. అమ్మ దాహం దాహం అని అక్కని పిలుస్తూనే పోయింది.

"నాను పక్కనే ఉన్నానే. సెయ్యి సాపితే అందేటంత దూరాన కుండ ఉన్నాది. ఇయ్యనేదు" అంది పెద్దమ్మ. "దాని గొంతు నాను మరిసిపోనాననుకున్నాను. ఇప్పుడు నా నోట్లోనే వచ్చి కూకుంది."

ఆ ముంత ఎత్తి నేనే తాగేశాను. ఆమె తాగేదాకా చూసి, లేచి, ఎడ్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

కోతలయ్యాక నాన్న వచ్చాడు. వీధిలో ఆయన దగ్గు వినబడగానే పెద్దమ్మ పళ్ళు తీసి, నీళ్ళ గ్లాసులో వేసి, గ్లాసుని గూట్లో దాచింది. ఉన్న పూటంతా బోసినోటితోనే వడ్డించింది.

"పళ్ళు కట్టించుకున్నావని విన్నాను వదినా?" అన్నాడు నాన్న.

"సరిపడనేదు బాబూ" అంది.

ఆయన వెళ్ళాక నేను గొడవపెట్టుకున్నాను. ఒక్కసారి ఆ గొంతు విననిస్తే ఏం పోయిందని అడిగాను. అన్నేళ్ళుగా ఆయన మీద ఉన్న కోపమంతా ఆ మాటలో ఉంది. ఆ గొంతు విని ఆయన ముఖం ఏమవుతుందో చూడాలని నాకు ఎంతగానో ఉండింది.

"మరిసిపోయి బతుకుతన్నాడే. అక్కడ ఇద్దరు పిల్లలున్నారు. లేపి ఏటి సేస్తాం?" అంది పెద్దమ్మ. అప్పుడు కూడా పళ్ళు పెట్టుకోలేదు.

ఎండాకాలం ముదిరేసరికి అమ్మమ్మ మంచం పట్టింది. ప్రత్యేకించి జబ్బంటూ లేదు, దీపంలో నూనె అయిపోయినట్టు తగ్గిపోతూ వచ్చింది. ఒక ఉదయం, ఎండ ఇంకా వాకిట్లోకి రాకముందు, కళ్ళు తెరిచి స్పష్టంగా పిలిచింది.

"సిన్నమ్మీ."

పెద్దమ్మ మంచం పట్టె మీద కూర్చుంది. నేను అమ్మమ్మ కాళ్ళ దగ్గర ఉన్నాను.

"నీళ్ళియ్యనేదని కోపమేటే?" అంది అమ్మమ్మ.

పెద్దమ్మ నావైపు చూసింది. అన్ని నెలలుగా "నాను పెద్దదాన్ని" అంటూ వచ్చిన మనిషి. ఇప్పుడు కూడా ఆ మాటే అంటుందనుకున్నాను. ఆమె తల్లి చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"నేదే అమ్మా. కోపం నేదు. దాగం తీరిపోనాది" అంది. ఆ సన్నటి గొంతుతో, చివర పైకి లేచి వంగే ఆ తీరుతో.

అమ్మమ్మ కళ్ళమ్మట నీళ్ళు చెవుల్లోకి జారాయి. ఆయాసం తీర్చుకుని మళ్ళీ అంది. "పెద్దదాన్నేటీ అనకే. అది ముంత అట్టుకొచ్చింది. నానే లాక్కున్నాను. దాని సెయ్యి మీద కొట్టినాను కూడాను. దాని మీద కోపం ఎట్టుకోకు. సెప్పు, ఎట్టుకోనని సెప్పు."

ఇది నాకు పెద్దమ్మ చెప్పలేదు. తను ముంత తెచ్చానని, అమ్మమ్మ లాక్కుందని ఆమె నాకు చెప్పలేదు. ఇవ్వలేదని మాత్రమే చెప్పింది.

పెద్దమ్మ నోరు తెరిచింది, మూసింది. తరవాత మెల్లిగా చెయ్యి పైకెత్తి, పళ్ళు తీసేసి, గుప్పిట్లో మూసుకుంది. బుగ్గలు లోపలికి పోయాయి. తల అడ్డంగా ఆడించింది. నాకు అర్థమైంది. తల్లికి ఇవ్వాల్సిన మన్నింపు చెల్లెలి గొంతుతో ఇవ్వగలిగింది గాని, అదే తనకి తను ఇచ్చుకోలేకపోయింది. అది దొంగతనమవుతుందనుకుంది.

"సెప్పే సిన్నమ్మీ" అంది అమ్మమ్మ.

బయట ఎడ్లు గడ్డి నములుతున్నాయి.

"అప్ప మీద నాకేటి కోపమే."

సన్నగా, కొంచెం నవ్వుతున్నట్టు, మాట చివర పైకి లేచి, ఆగి, వంగి.

అమ్మమ్మ "ఆఁ" అంది తృప్తిగా. నేను పెద్దమ్మ ముఖం చూశాను. పెదాలు మూసుకుని ఉన్నాయి. గుప్పిట బిగించే ఉంది, వేళ్ళ సందుల్లోంచి గులాబీరంగు అంచు కనిపిస్తోంది. ఆమె నావైపు తిరిగింది, నా కళ్ళలోకి కాదు, నా నోటి వైపు చూసింది. నేను తల అడ్డంగా తిప్పాను. నేను నోరు తెరవలేదు. నా నాలుక అంగిలికి అతుక్కుపోయి ఉంది.

అప్పుడు పెద్దమ్మ ఏడ్చింది. ఆమె ఏడవగా చూడటం నాకదే మొదలు. ఆమె చేతికి ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేక, నా చెయ్యే ఇచ్చాను. ఎండ వాకిట్లోకి వచ్చేసరికి అమ్మమ్మ పోయింది.

దినాలయ్యాక నాకు ట్రైనింగు పిలుపొచ్చింది. నేను వెళ్ళే రోజున పెద్దమ్మ బస్సు దగ్గరికొచ్చి, "ఏళకి తిను" అంది. గొంతు సన్నగా లేదు, గరగరగానూ లేదు. మధ్యస్థంగా, కొంచెం అరిగిన గొంతు. చిగుళ్ళు సర్దుకున్నాయేమో. సెలవులకి వచ్చినప్పుడల్లా విన్నాను, అదే గొంతు. కంబారి కూడా మామూలుగా ఎదురు మాట్లాడి తిట్లు తినడం మొదలుపెట్టాడు. చిన్నమ్మి గొంతు మళ్ళీ ఆ ఇంట్లో వినబడలేదు.

పెద్దమ్మ ఆ తరవాత చాలా ఏళ్ళు బతికింది. నేను ఉద్యోగంలో చేరి, పిల్లల తల్లినయ్యాక కూడా, ఎప్పుడు చూడబోయినా నీళ్ళిచ్చి, మంచిచెడ్డలన్నీ అయ్యాక, నేను బయలుదేరే ముందు ఒక మాట అడిగేది. ఎవరూ దగ్గర లేకుండా చూసి అడిగేది.

"ఆ పొద్దు అన్నది నువ్వేనేటే?"

"నేను కాదు పెద్దమ్మా."

"నువ్వే అయినా పరవానేదు. నాను ఏటీ అనుకోను. ముసిల్దాని కోసం అన్నావేమో."

"ఒట్టు. నేను కాదు."

మొదట్లో ఆమెకి నా మీద నమ్మకం లేదనుకుని నొచ్చుకునేదాన్ని. తరవాత తరవాత చూడటం నేర్చుకున్నాను. నేను "కాదు" అన్న ప్రతిసారీ ఆమె భుజాలు కిందికి దిగేవి. నుదుటి మీద ముడత విడిపోయేది. ఇంకోసారి వింటే బాగుండునన్నట్టు తల కొంచెం ఇటు వంచేది. ఆ మాట కోసమే అడిగేది.

ఆఖరుసారి చూడబోయినప్పుడు మంచం మీద ఉంది. ఎత్తు దిండు మీద తల వాల్చి, కళ్ళు మూసుకుని ఉంది. నేనొచ్చానని తెలిసి పెదాలు కదిపింది. వంగి చెవి ఆనించాను.

"నువ్వేనేటే?" అంది.

"కాదు పెద్దమ్మా" అన్నాను. "నేను కాదు."

"అయితే మంచిదే" అంది.